పున్నయ్య తీసిన డొంక

ముసునూరు నుంచి నూజివీడు వెళ్ళే రోడ్డుకి ఓ పక్కగా, మామిడి తోటల్లో కూరుకుపోయి ఉంటుంది పున్నయ్య ఊరు. బస్సులో వెళ్ళేవాళ్ళకి ఊరు కనపడదు, చెట్లే కనపడతాయి. ఆ ఊళ్ళో పున్నయ్య పెద్ద రైతూ కాదు, కూలీ కాదు. కాస్త చిన్నరసాల తోట, ఓ చెక్క మాగాణి, ఒక పాత సైకిలు ఉన్నాయి. ఈ మూడింట్లో ఏది ముఖ్యమని అడిగితే కాసేపు ఆలోచించి సైకిలనే చెప్పేవాడు. సంతకెళ్ళినా, విస్సన్నపేటలో చుట్టాల పెళ్ళికెళ్ళినా దాని మీదే. నొప్పులొచ్చిన పెళ్ళాం వెంకాయమ్మని వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని నూజివీడు ఆస్పత్రికి తొక్కిందీ దాని మీదే. దారి పొడుగునా ఒక్క గతుకు తగలనివ్వలేదని ఆయన గొప్ప చెప్పుకునేవాడు. ఎన్ని తగిలాయో కూర్చున్నదాన్ని నాకు తెలుసని ఆవిడ ఎత్తిపొడిచేది. ఆ రోజు పుట్టిన పిల్ల పుష్పవతి. వాళ్ళకి ఒక్కతే సంతానం.

ఆ రోజు ఆయన తొక్కింది రోడ్డు మీద కాదు, డొంకలో. డొంకంటే ఊళ్ళోంచి తోటల మధ్యగా నూజివీడు పొలిమేర దాకా పోయే బండ్ల బాట. రెండు ఎడ్లబళ్ళు ఎదురెదురుగా వస్తే ఒరుసుకోకుండా పోయేవని ముసలాళ్ళు చెప్పేవాళ్ళు. సర్కారు బాట, ఎవరి సొంతమూ కాదు. తారు రోడ్డు పడ్డాక బళ్ళు అటు మళ్ళాయి. కొన్నాళ్ళకి బళ్ళే తగ్గిపోయాయి. నడిచేవాళ్ళు లేని బాటని చూస్తే రైతుకి చెయ్యి ఊరుకోదు. ఏటా వానలు తగ్గాక తోటలకి తుమ్మకంపతో కంచె కొత్తగా కడతారు కదా, పాతది ఉన్న చోట కట్టరు. మూరెడు ముందుకి జరిపి కడతారు. అటు పక్క తోటవాడూ అంతే. ఎవరూ ఎవర్నీ అడగరు. అడగబోయేవాడి కంచె కూడా మూరెడు ముందుకే ఉంటుంది మరి. కంచే చేను మేసిందని లోకంలో సామెత. మా వైపు కంచెలు బాటని మేశాయి. అలా మేసిన జాగాలో పున్నయ్య తండ్రి మూడు రసం మొక్కలు పాతాడు, పున్నయ్య నీళ్ళు పోసి పెంచాడు. పుష్పవతి హైస్కూల్లో చేరేనాటికి అవి విరగకాస్తున్నాయి. డొంక మాత్రం మేక దూరే సందయింది.

ఇక మిగిలింది రోడ్డు. అదీ ఒక్క లారీకి సరిపడేంత. నడుమ తారు, రెండు పక్కలా మట్టి మార్జిను. తారు అంచుకీ మార్జినుకీ జానెడు ఎత్తు తేడా. ప్రతి వానకీ మట్టి కొట్టుకుపోయి ఇంకాస్త దిగుతుంది. వెనక లారీ హారను కొట్టిందంటే సైకిలువాడు ఆ జానెడూ దిగాల్సిందే. దిగడానికీ ఓ విద్య ఉంది. హ్యాండిలు బాగా పక్కకి తిప్పి ఒక్క దెబ్బన దింపాలి. భయపడి అంచు వెంబడే పోనిస్తే చక్రం జారి మనిషిని తారు మీదకే పడేస్తుంది. ఊళ్ళో సైకిలు తొక్కే ప్రతివాడికీ ఆ విద్య వచ్చు. ఏం లాభం, ఎండాకాలం మామిడికాయల లారీలు వరసకట్టి వస్తుంటే దిగినవాడు ఎక్కేలోపే ఇంకోటి వచ్చేది.

ఎనభైనాలుగు వేసవిలో పోస్టుమాన్ చిన్నరాయప్ప అలాగే పోయాడు. ఊళ్ళో ప్రతి గడప దగ్గరా సైకిలు దిగి మంచినీళ్ళు తాగిన మనిషి. అతని వెనకాలే వస్తున్న పున్నయ్య కళ్ళారా చూశాడు. రాయప్ప తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంటే, వచ్చిన లారీలన్నీ వాళ్ళని తప్పించుకుని మార్జిను మీదుగా నెమ్మదిగా పోయాయట. అతను బతికుండగా అంత నెమ్మదిగా ఒక్కడూ పోలేదని ఆయన ఆ తర్వాత చాలాసార్లు అన్నాడు.

అప్పుడు పుష్పవతి పదో తరగతికి వచ్చింది. చదువులో చురుకు. నూజివీడు కాలేజీలో ఇంటర్ చదువుతానని అప్పటికే పట్టు పట్టి ఉంది. బస్సు ముందు ఊళ్ళలోనే నిండిపోయి ఇక్కడ ఆగకుండా పోయేది. సైకిలు తొక్కడం ఆయనే దగ్గరుండి నేర్పాడు. ఆడపిల్లకి సైకిలేంటని పది మందీ పది రకాలుగా అంటే పట్టించుకోకుండా నేర్పాడు. ఇప్పుడా నేర్పిందే గుండెల మీద కుంపటయింది.

రాయప్పని పూడ్చిన వారానికి పంచాయతీ ఆఫీసు వరండాలో ఊరు కూర్చుంది. ప్రెసిడెంటు లక్ష్మీనరసింహారావు. ఊళ్ళో పెద్ద తోట ఆయనదే. మాట వెన్న, పున్నయ్యకి వరసకి బావ. ఏనాడూ నోరు విప్పని పున్నయ్య ఆ రోజు లేచి నిలబడ్డాడు. అందరం కంచెలు వెనక్కి తీసుకుని డొంక తెరుద్దాం, సైకిళ్ళన్నీ అందులో పోతాయి, లారీల రోడ్డు లారీలకే వదిలేద్దాం అన్నాడు. అందరూ తలలూపారు. ఒక్క సోమయాజులు మేష్టారు మాత్రం ఊపలేదు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతాడు, రోజూ సైకిలు మీదే వచ్చి పోతాడు.

"రోడ్డు లారీల సొత్తు కాదండీ పున్నయ్య గారూ," అన్నాడు మేష్టారు. "మార్జిను బాగు చెయ్యమని అడుగుదాం, ఊరి దగ్గర లారీలు నెమ్మదిగా పోవాలని పట్టుపడదాం. మనంతట మనమే దిగిపోతే, రేపు రోడ్డెక్కిన సైకిలువాణ్ణి ఇక్కడ నీకేం పనని అడుగుతారు."

"న్యాయం మీ వైపే ఉంది మేష్టారూ. కానీ రాయప్ప కూడా న్యాయంగా ఎడం పక్కనే పోతున్నాడండీ."

కాయ దిగాక కంచెలు తీసేద్దామని ప్రెసిడెంటు తీర్మానించాడు, అందరూ సరేనన్నారు. సరేనన్నాక పని జరుగుతుందనుకునేవాడు ఆ ఊరికి కొత్తవాడై ఉండాలి.

కాయ దిగింది. కంచె కదల్లేదు. పున్నయ్య తోట తోటకీ తిరిగాడు. ఒకరేమో వచ్చే ఏడు కాపు కూడా షావుకారుకి అమ్మేశాం, చెట్టు మీద ఇప్పుడు మాకు హక్కు లేదన్నారు. ఇంకొకరు పై తోటవాణ్ణి ముందు తియ్యమన్నారు, ఆ పైవాడు కిందవాణ్ణి చూపించాడు. డొంకలోకి వచ్చిన చెట్లు అందరికీ ఉన్నాయి. కాసే చెట్టుని కొడితే పాపం చుట్టుకుంటుందని అందరూ ఒకే మాటగా చెప్పారు. పాపభీతి అంతమందికి ఒకేసారి కలగడం నేనెక్కడా వినలేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారని వెనక నవ్వుకున్నారు కూడా. చివరికి ఒకాయన మొహం మీదే అడిగేశాడు, నీ మూడు చెట్లూ డొంకలోనే ఉన్నాయి కదా, ముందు అవి కొట్టి ఆ తర్వాత మాకు చెప్పమని. ఆ రోజు పున్నయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆయన ఇంట్లోనే గెలవలేదు. వెంకాయమ్మకి కూతురు పదితో చదువు ఆపేస్తే ఈ గొడవే ఉండదని మనసులో ఉంది. ఆ మాట పైకి అనలేదు గానీ చెట్ల సంగతి వచ్చేసరికి ఆగలేకపోయింది.

"కాసే చెట్టు మీద గొడ్డలి పెడితే కడుపున పుట్టినవాళ్ళకి తగులుతుందంటారు. మనకున్నది ఒక్కతే."

"చెట్టు ఉసురు సంగతి నాకు తెలీదు. లారీ సంగతి నేను చూశాను," అన్నాడాయన.

మరుసటేడు పుష్పవతి పది పాసయింది. కోతలు అయిపోయి తొలకరి ఇంకా పడని ఆ కాస్త ఎడంలో పున్నయ్య సవరయ్యని పిలిపించాడు. సవరయ్య ఆ చుట్టుపక్కల చెట్లు కొట్టే మనిషి. వచ్చి, చెట్టు చూసి, గొడ్డలి కింద పెట్టేశాడు. ఎండిన చెట్టయితే ఎంతటిదైనా కొడతాను, కాసే చెట్టుకి మొదటి వేటు మాత్రం నేనెయ్యను, పెంచినవాళ్ళే వెయ్యాలన్నాడు. వెంకాయమ్మ మూడు చెట్లకీ పసుపూ కుంకుమా పెట్టి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. పున్నయ్య గొడ్డలి అందుకున్నాడు. మూడింటికీ మొదటి వేటు ఆయనే వేశాడు. తోటంతా పచ్చి సొన వాసన కమ్మేసింది. మూడో చెట్టు దగ్గర ఆయన గొడ్డలి పక్కకి జారిందని సవరయ్య తర్వాత చెప్పుకున్నాడు. తండ్రి పాతిన చెట్లు. తాను నీళ్ళు మోసిన చెట్లు. ఏడుపు రాకేమవుతుంది? వచ్చింది, అందరి ముందే ఏడ్చాడు.

చెట్లు పడ్డాక, కంచె పాత హద్దుకి లాక్కున్నాక, ఆయన తోట పొడుగునా డొంక తెరుచుకుంది. ఇటు పక్కవాళ్ళ కంచె, అటు ప్రెసిడెంటు గారి కంచె అలాగే ఉన్నాయి. ఎక్కడి నుంచీ రాని, ఎక్కడికీ పోని ఆ దారి ముక్కలో పుష్పవతి సాయంత్రాలు సైకిలు అటూ ఇటూ తొక్కేది. చూసినవాళ్ళు జాలిపడ్డారు. జాలి చవక కదా.

ఓ రోజు పొద్దున్నే లక్ష్మీనరసింహారావు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు ఆ చివర, కాసేపు ఈ చివర నిలబడి చూశాడు. కొట్టేసిన మొదళ్ళ మీద చెయ్యి వేసి నిట్టూర్చాడు. వెళ్ళేటప్పుడు, "లారీ పడుతుంది బావా ఇందులో," అన్నాడు. అంత వెడల్పుగా తీశావని మెచ్చుకుంటున్నాడనుకుని పున్నయ్య సంతోషించాడు.

ఆ నెలలోనే ప్రెసిడెంటు గారి కంచె వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాత అందరివీ వెళ్ళాయి. డొంకలో ఉన్న కాసే చెట్లు ఒక్కొక్కటే నేలకొరిగాయి. పాపం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దసరా నాటికి పంచాయతీవాళ్ళు గ్రావెలు కూడా తోలించారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని పున్నయ్య డొంకని పిలవడం మొదలెట్టారు. ఇదంతా ఎందుకు జరిగిందో ఆయన ఒక్కసారి అడిగి ఉండాల్సింది. అడగలేదు. తన మూడు చెట్లు చూసి ఊరి మనసు కరిగిందనుకున్నాడు. మంచివాళ్ళకి ఉండే జబ్బే అది, తమ మంచి చూసి లోకం మారుతుందనుకుంటారు.

కానీ ఆ దసరా నుంచి ఉగాది దాకా ఆయన బతుకులో నిజంగా సుఖపడ్డ రోజులని చెప్పాలి. కాలేజీలో చేరిన పుష్పవతి పొద్దున్నే పుస్తకాలు క్యారియరుకి పెట్టుకుని డొంకలోకి తిరిగేది. వెనకాల పాలవాళ్ళు, నూజివీడు కొట్లలో పనికెళ్ళేవాళ్ళు, అందరూ సైకిళ్ళ మీద కబుర్లాడుకుంటూ పోయేవాళ్ళు. హారను మోత లేదు, వెనక్కి తిరిగి చూసుకోవడం లేదు. పక్కపక్కనే తొక్కుతూ మాట్లాడుకోవచ్చని ఇప్పుడే తెలిసింది నాన్నా అని పుష్పవతి చెబితే ఆయన ఆ మాట నలుగురికీ చెప్పుకుని తిరిగాడు. సోమయాజులు మేష్టారొక్కడూ రోడ్డు మీదే పోయేవాడు. ఆయన మొండితనానికి పున్నయ్య నవ్వుకునేవాడు.

పూత పిందెయింది, పిందె కాయయింది. అంతకుముందు కోసిన కాయని కూలీలు గంపలతో నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోసేవాళ్ళు. రోడ్డు వారన లారీకి ఎత్తేవాళ్ళు. ఆ వేసవి నుంచి ఆ మోత తప్పింది. లారీ నేరుగా డొంకలోకి వచ్చి చెట్టు కిందే ఆగింది. ఒకటి లోడవుతుంటే వెనక రెండు కాచుకుని ఉండేవి. లోడైనది తిరగడానికి చోటు లేక వెనక్కి వెనక్కి పోయేది. లారీకి రెండు పక్కలా మిగిలింది తుమ్మకంప.

పుష్పవతి ఓ రోజు మధ్యాహ్నం చిరిగిన ఓణీతో, చేతులనిండా ముళ్ళ గీరలతో ఇంటికొచ్చింది. వెనక్కి వస్తున్న లారీకి దొరక్కుండా సైకిలుతో సహా కంచెలోకి ఒదిగి నిలబడాల్సి వచ్చిందట. తల్లి ముళ్ళు తీస్తుంటే తండ్రి వైపు చూసి చెప్పింది.

"రోడ్డే నయం నాన్నా. అక్కడ దిగడానికి మార్జినైనా ఉంది."

పున్నయ్య అప్పటికప్పుడు ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, చెప్పిందంతా విన్నాడాయన. సైకిళ్ళని రావద్దని మేమన్నామా బావా, అది సర్కారు బాటని, అందరిదీ అని చెప్పింది నువ్వే కదా అన్నాడు. కాయ దిగేదాకానే కదా, కాస్త ఓర్చుకోమన్నాడు. పొద్దుటిపూట లారీలు రాకుండా చెబుతానని మాటిచ్చాడు. చెప్పే ఉంటాడు, ఆయన అబద్ధమాడే మనిషి కాదు. లారీలు మాత్రం వచ్చాయి.

సైకిళ్ళు మళ్ళీ రోడ్డెక్కాయి. ఈ ఏడాదిలో రోడ్డు కూడా మారిపోయింది. లారీవాళ్ళు ఇదివరకు హారను కొట్టి, దిగడానికి ఓ క్షణం సందిచ్చేవాళ్ళు. ఇప్పుడు తల బయటపెట్టి, డొంక ఉందిగా, ఇక్కడెందుకు చస్తారని కేకలేసి పోతున్నారు. ఓ కానిస్టేబులు సోమయాజులు మేష్టార్నే ఆపి, పెద్దమనిషి మీరైనా డొంకలో పోవద్దా అని చీవాట్లు పెట్టాడు. మార్జిను మట్టి పోయించమని రోడ్ల ఆఫీసులో అడగబోతే, మీ సైకిళ్ళకి వేరే బాట వేసుకున్నారు కదా, ఇంకెందుకని తిప్పి పంపారు. తారు అంచు కిందటి వానలకి ఇంకో బెత్తెడు దిగి ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి తాను తవ్విందే అయితే మనిషికెలా ఉంటుందో పున్నయ్యని చూస్తే తెలిసేది. అన్నం తినేవాడు కాదు, పొద్దున్నే రోడ్డుకీ డొంకకీ మధ్య నిలబడి ఎటు లారీలు తక్కువున్నాయో చూసి, కూతుర్ని అటు పంపేవాడు.

పుష్పవతి పరీక్షలు అప్పుడే వచ్చాయి. ఇంకొక్క పరీక్ష ఉందనగా ఆ పొద్దున డొంకలో లోడు లారీ చక్రం దిగబడిపోయి అడ్డంగా నిలిచిపోయింది. పున్నయ్య వెళ్ళి చూసి వచ్చి, ఇవాళ రోడ్డు మీదే పో అమ్మా, అంచు చూసుకుని దిగు అని చెప్పాడు. ఆమె సరే నాన్నా అని వెళ్ళింది.

దిగిందట. వెనక హారను వినపడగానే తండ్రి నేర్పినట్టే హ్యాండిలు తిప్పి ఒక్క దెబ్బన దింపిందట. కింద దిగడానికి మట్టి లేదు. ముందు చక్రం గోతిలో పడి సైకిలు తిరగబడింది, కాళ్ళు తారు మీదకి వచ్చాయి. డ్రైవరు లారీ ఆపాడు, తనే ఎత్తుకుని నూజివీడు తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి బెజవాడ పంపారు. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇంటికి తీసుకొచ్చాక ఊరంతా చూడ్డానికి వచ్చింది. కాసే చెట్టు ఉసురని ఆడవాళ్ళు వసారాలో గుసగుసలాడుకున్నారు. వెంకాయమ్మ ఆ మాట విని కూడా మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. దెప్పితే బాగుండునని ఆయనకనిపించింది. సోమయాజులు మేష్టారు వచ్చి మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. నేను ముందే చెప్పానని ఆయనా అనలేదు. పుష్పవతి పుస్తకాలు సర్ది గూట్లో పెట్టి, కండువాతో మొహం తుడుచుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

లక్ష్మీనరసింహారావు మంచి రసాలు ఏరి బుట్టనిండా తెచ్చాడు. పిల్లని చూసి ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. పున్నయ్య చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకొచ్చి, నలుగురి ముందూ ఎంతో బాధగా అడిగాడు.

"డొంక తీయించింది అమ్మాయి కోసమేగా బావా? అది ఉండగా పిల్లని రోడ్డు మీదకెందుకు పంపావు?"

నలుగురూ తలలూపారు. అవును, ఎందుకు పంపాడు? ఆ తల ఊపినవాళ్ళలో చాలామంది కాయలకొచ్చిన లారీలు ఆ పొద్దున డొంకలోనే ఉన్నాయి. పున్నయ్య వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. ఎవరి మొహంలోనూ కపటం లేదు. తిట్టడానికి కూడా ఆయనకి మనిషి దొరకలేదు.

అందరూ వెళ్ళాక పుష్పవతి తండ్రిని పిలిచింది. ఆయన వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాడు. వసారాలో మాటలన్నీ ఆమెకి వినపడ్డాయి.

"ఆ రోజు నేను ఎటు వెళ్ళాల్సింది నాన్నా?"

నిందగా అనలేదు, నిజంగానే అడిగింది. చిన్నప్పటి నుంచీ ఏ దారి ఎటు పోతుందో ఆయన్నే అడిగి తెలుసుకున్న పిల్ల. పున్నయ్యకి రోడ్డని చెప్పడానికి నోరు రాలేదు, డొంకని చెప్పడానికీ రాలేదు. ఇంట్లోనే ఉండిపోవాల్సింది తల్లీ అనే మాట ఒక్కటే నాలిక చివరికొచ్చి కూర్చుంది. అది బయటికి రాకుండా ఆయన పళ్ళు బిగబట్టుకుని, మిగిలిన ఆ ఒక్క కాలూ నిమురుతూ అలాగే ఉండిపోయాడు.